వెల్వెట్ పగ

జూన్ 3, సోమవారం

ఈ రోజు నుంచి పగ!

ఎవరి మీద: చిన్న ఓనరు మీద. అంటే మా కర్టెన్ల షాపు ఓనరుగారి అబ్బాయి. ఏడాదిగా నా మిషను పక్కన స్టూలు లాక్కుని, "నువ్వు కుడుతుంటే అలా చూస్తూ కూర్చోవాలనిపిస్తుంది" అన్న మహానుభావుడు. నిన్న మిల్లు యజమాని కూతురితో పెళ్ళి ఖాయం చేసుకున్నాడు. పొద్దున వచ్చి, గొంతు తగ్గించి, "కుట్టుపని చేసే అమ్మాయి అంటే నాన్న ఊరుకుంటారా? నువ్వే అర్థం చేసుకోవాలి" అన్నాడు.

అర్థం చేసుకున్నాను. బాత్రూంలోకి వెళ్ళి, ట్యాపు తిప్పి మరీ అర్థం చేసుకున్నాను.

సాయంత్రం చెల్లి లైబ్రరీ నుంచి ఒక లావుపాటి నవల తెచ్చి ఒళ్ళో పడేసింది. అట్ట ఊడిపోయింది, పేరు తెలియదు. కొండ మీద పాడుబడ్డ బంగళా. గుర్రాల కొట్టంలో పనివాడూ, జమీందారు కూతురూ ప్రేమించుకుంటారు. ఆవిడ ఆస్తి చూసి పక్క బంగళా ఆయన్ని చేసుకుంటుంది. ఇతను మాయమైపోయి, డబ్బున్న మనిషై తిరిగొచ్చి, రెండు కుటుంబాలనీ మట్టి కరిపిస్తాడు.

"ఏడుపు ఆపి ఇది చదువు, బుద్ధొస్తుంది" అంది చెల్లి.

వచ్చింది. నియమాలు:
నవ్వకూడదు.
నల్లబట్టలే వేసుకోవాలి.
కిటికీ దగ్గర నిలబడి దూరంగా చూడాలి.
క్షమించడం అనే మాటే లేదు. చచ్చినా సరే!

జూన్ 4, మంగళవారం

నల్లబట్టలు వేసుకున్నాను. బ్రహ్మాండం! చెల్లి కూడా భయపడింది.

షాపులో తెల్ల లైనింగు గుడ్డ కుట్టమన్నారు. మధ్యాహ్నానికి ఒళ్ళంతా దూదిపోగులు. పిండిమరలోంచి వచ్చినదానిలా ఉన్నాను. నవలలో అతనికి ఈ బాధ లేదు, పగ పట్టాక అతను పనేమీ చేసినట్టు కనిపించడు.

కిటికీ దగ్గర నిలబడి దూరంగా చూశాను. దూరంగా సైకిలు రిపేరు షాపు ఉంది. నేను తననే పిలుస్తున్నాననుకుని ఆ షాపాయన చెయ్యి ఊపాడు. మర్యాద కోసం నేనూ ఊపాను. నవ్వాను కూడా. మర్యాదకి నవ్విన నవ్వు లెక్కలోకి రాదు.

జూన్ 5, బుధవారం

నవలలో పేజీకో ఉరుము. ఇక్కడ బట్టలారేసుకునే ఎండ. వాతావరణం సహకరించకపోతే మనిషి ఎంతకని పగ పెంచుకుంటాడు!

పైగా నేను మాయమై, ధనవంతురాలినై తిరిగి రావాలి కదా. మేనేజరమ్మని కొన్నాళ్ళు సెలవు అడిగాను. "ఆదివారం సెలవేగా" అంది.

ఆ గుర్రాలవాడు డబ్బెలా సంపాదించాడా అని రెండుసార్లు వెతికాను. రాయలేదు. అంత లావు పుస్తకంలో నాకు పనికొచ్చే ముక్క అదొక్కటే!

జూన్ 7, శుక్రవారం

దొరికింది! పగ తనంతట తాను నడిచొచ్చి నా మిషను మీద కూర్చుంది.

చిన్న ఓనరు కొత్త ఇంటి హాలుకి కర్టెన్లు. ఎర్ర వెల్వెట్, పెద్ద కిటికీ, రెండు రెక్కలు. కుట్టాల్సింది నేనే. చిన్న ఓనరు తనే తెచ్చి ఇచ్చి, "నీ చెయ్యి పడితేనే బాగుంటుంది" అన్నాడు. సిగ్గూ శరం లేకుండా.

వెల్వెట్‌కి నూగు ఉంటుంది. ఒకవైపు నిమిరితే పడుకుంటుంది, ఎదురు నిమిరితే లేచి నిలబడి రంగు మారుస్తుంది. అందుకే మా కటింగ్ మాస్టారు ప్రతి ముక్క వెనకా సుద్దతో బాణం గీస్తారు. బాణాలన్నీ కిందికే ఉండాలి. ఒక్క రెక్క తిప్పి కుడితే చాలు, ఒకే గుడ్డ రెండు రంగుల్లో కనిపిస్తుంది. జీవితాంతం అతను హాల్లో కూర్చుని అది చూస్తూ ఉండాలి!

తిప్పాను. కుట్టాను. కుట్టు ఎక్కడా వంకర పోలేదు. ఎంత పగైనా పని పనే.

జూన్ 8, శనివారం

కర్టెన్లు వెళ్ళిపోయాయి. తగిలించేశారు కూడా.

సంతోషంగా ఉండాలి. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, ముట్టకుండానే మూసేశాను. పొద్దున తిన్న బ్రెడ్డు పాతదేమో.

జూన్ 10, సోమవారం

కొంప మునిగింది!

మాస్టారు టీ గ్లాసు పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడ్డారు. నాకు సూది పట్టడం నేర్పిన మనిషి. "అమ్మాయ్, ఆ వెల్వెట్‌కి బాణాలు సరిగ్గానే గీశానా? కళ్ళజోడు మార్చాక కాస్త తికమకగా ఉంటోంది. సాయంత్రం పెద్ద ఓనరు ఆ ఇల్లు చూడ్డానికి వెళ్తారట."

"సరిగ్గానే గీశారు మాస్టారూ. ఎందుకూ?"

"మొన్న ఒకటి పొట్టిగా కోశాను కదా. ఇంకొక్క తప్పు జరిగితే ఇంటికెళ్ళి కూర్చోమన్నారు."

తప్పు కనబడితే ఎవరు చేశారని అడుగుతారు? కోసినవాళ్ళనేగా! నవలలోనూ అంతే. పెద్దవాళ్ళు పగలు తీర్చుకుంటూ గ్లాసులు పగలగొడతారు, గాజుపెంకులు ఏరేది వంటావిడ. చదివేటప్పుడు ఆవిడ సంగతే పట్టించుకోలేదు నేను.

కుట్లు విప్పే కత్తి సంచిలో వేసుకుని ఆ కొత్త ఇంటికి పరిగెత్తాను. పగా లేదు, పాడూ లేదు.

పెద్ద ఓనరు ఇంకా రాలేదు. హాల్లో చిన్న ఓనరు, కాబోయే పెళ్ళికూతురు. కిటికీలోంచి సాయంత్రం ఎండ సరిగ్గా కర్టెన్ల మీద పడుతోంది. ఒక రెక్క దానిమ్మ గింజ రంగు, రెండోది నేరేడుపండు రంగు. దాచడానికేమీ మిగల్లేదు.

"షాపు నుంచేనా? రండి, రండి!" అందావిడ. "ఒకే కిటికీకి రెండు రంగులు, ఎంత బాగుందో చూడండి. మా నాన్నగారైతే మా ఇంటికంతా ఇలాగే కావాలంటున్నారు. ఎవరికి తట్టిందండీ ఇది?"

నోరు తెరిచాను.

"నాకే" అన్నాడు చిన్న ఓనరు. "రెండు రకాల వెల్వెట్ తెప్పించాను."

నా వైపు చూశాడు. కళ్ళతోనే, అర్థం చేసుకో అన్నాడు. ఈసారి ఏడుపు రాలేదు. ఏడాదిపాటు ఈ మనిషి కోసమా నేను తల దువ్వుకుని వచ్చింది అనిపించింది. నూగు సంగతి కూడా తెలియదు!

జూన్ 11, మంగళవారం

మాస్టారికి జరిగిందంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. "రెండు రోజులు నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయింది కదే పిల్లా" అన్నారు. అంతే. సాయంత్రం టీ కూడా నా మిషను దగ్గరికి రాకుండా గుమ్మంలో నిలబడి తాగారు. తిట్టినా బాగుండేది.

తరవాత తనే వచ్చి, "అయినా రంగులు కుదిరాయట కదా, ఒకసారి చూడాలి" అన్నారు. అప్పుడు ఏడ్చాను. ట్యాపు తిప్పకుండా.

నల్లబట్టలు ఉతికి ఆరేశాను. పగ మనవల్ల కాదు. పుస్తకం లైబ్రరీకి ఇచ్చెయ్యమన్నాను. "అప్పుడే బుద్ధొచ్చేసిందా?" అంది చెల్లి.

జూన్ 13, గురువారం

మధ్యాహ్నం చిన్న ఓనరు వచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మామగారి ఇంటికి పన్నెండు కిటికీలట. రెండు రకాల వెల్వెట్ నిజంగానే తెప్పించాడట. పక్కపక్కన పెడితే అతుకుల బొంతలా ఉందట.

"ఎలా కుట్టావో చెప్పు. నా పరువు నీ చేతిలో ఉంది."

"చెప్తానండీ." అతన్ని 'అండీ' అనడం ఇదే మొదటిసారి. చురుక్కుమన్నట్టుంది, తల ఎత్తాడు. "ముందు మీరు మీ ఇంట్లో చెప్పండి. మీ నాన్నగారూ, ఆవిడా ఇద్దరూ ఉన్నప్పుడు."

"నీ గురించా?"

"కర్టెన్ గురించి. అది ఎవరికి తట్టిందో, ఎవరు కుట్టారో. పేరుతో సహా."

చెమటలు పట్టాయి, పాపం. ('పాపం' కొట్టెయ్యాలి.) చాలాసేపు గుండుసూదులు ఒక్కొక్కటే డబ్బాలోంచి తీసి మళ్ళీ అందులోనే వేశాడు. చెప్తానంటాడేమోనని ఎదురుచూశాను, అబద్ధమెందుకు. డబ్బా మూసి, లేచి వెళ్ళిపోయాడు.

సరే. ఈ రోజు నుంచి పగ! నిజంగా! నవ్వుతాను, రంగుబట్టలు వేసుకుంటాను, ఆదివారాలు సెలవు తీసుకుంటాను. నియమం ఒక్కటే: ఆ ఇంట్లో నా పేరు పలికేదాకా నూగు సంగతి నేను పలకను. ఎంతకాలమైనా సరే. నాకేం తొందర? కర్టెన్లు లేనిది వాళ్ళ కిటికీలకి.