గౌరి పేరు కొట్టెయ్యి

రైల్వే కాలనీ, బిలాస్‌పూర్
ఆదివారం

సూర్రావూ,

నువ్వు దొంగవిరా. ఆరుగురు పిల్లల్ని నీ హాజరు పట్టీలో పెట్టి తాళం వేసేవు. ఇక్కడ ఆ ఆరుగురూ ఏ బడికీ చెందకుండా పట్టాల పక్కన తిరుగుతున్నారు.

ఉత్తరం ఇలాటి మాటతో మొదలెట్టకూడదని మనకి చిన్నప్పుడే నేర్పేరు. ముందు క్షేమం, తరవాతే కష్టం. సరే, అదీ అడుగుతాను. నీ ఒంట్లో ఎలగుంది? సుగుణ నడుం నొప్పి తగ్గిందా? పిల్లలిద్దరూ బాగున్నారా? చిన్నమ్మ కంటికి ఆపరేషనన్నారు, అయిందా? ఇక్కడ నేనూ మీ బావా బాగానే ఉన్నాం, బెంగెట్టుకోకండి. మీ బావ గూడ్సు గార్డు డ్యూటీ నీకు తెలిసిందే. పెట్టె పుచ్చుకుని వెళ్తే రెండో రోజుకో మూడో రోజుకో మొహం కనబడుతుంది. వానలు పట్టుకున్నాయి. క్వార్టరు వెనక గోడ చెమ్మెక్కిపోయింది, కందిపప్పుకి పురుగు పట్టింది, ఆరేసిన బట్టల మీద బొగ్గు నుసి ఎప్పట్లాగే. ఐనా బాగానే ఉన్నాం.

ఈ ఊరొచ్చి ఇరవై రెండేళ్ళయింది. వీధి నిండా తెలుగువాళ్ళే. కానీ ఈ రెండేళ్ళలో నాతో నిలబడి మాటాడేవాళ్ళు తగ్గిపోయేరు. కారణం నీకు తెలుసు. గతౌరా వైపు కొత్త లైను పనికి కాంట్రాక్టరు మన వైపు నుంచి తోలుకొచ్చిన కూలీల పిల్లల్ని మా వరండాలో కూచోబెట్టి చదువు చెప్తున్నానని. మొన్న ఎదురింటి వరాలమ్మ గుమ్మంలోంచే కేకేసింది.

"ఏటి సత్తెమొదినా, వరండా ధర్మసత్రం చేసీసేవు! రేపు మావాడి నోట్లోకి ఆ గుడిసెల మాటలొచ్చేస్తే ఎలగ?"

"మీవాడి నోట్లో తెలుగే లేదు కదే, ఏ మాటలొచ్చినా లాభమే" అన్నాను.

అప్పట్నుంచి ఆవిడ మాటాడ్డం లేదు. పోన్లే. ఇంకో ఇద్దరు ముగ్గురి ఇళ్ళలో నన్ను పేరంటానికీ పిలవడం మానేసేరు. అదీ పోన్లే. అవన్నీ నాకు లెక్కకాదు. నన్ను నిద్రపోనివ్వనిది నువ్వు.

నా వరండా బడిలో పద్నాలుగుమంది పిల్లలు. అందులో ఆరుగురు మన ఊరివాళ్ళు, కిందటేడు దీపావళి వెళ్ళేక తల్లిదండ్రులతో వచ్చేరు. నీ బళ్ళో చదువుతూ చదువుతూ వచ్చేసినవాళ్ళు. వాళ్ళలో పెద్దది సన్నాసి కూతురు గౌరి. పదకొండేళ్ళు. ఆర్నెల్లలో హిందీ కూడబలుక్కుని చదివే దాకా వచ్చింది. చిన్నవాళ్ళకి ఎక్కాలు అదే చెప్తుంది, తప్పు చెప్తే నాకంటే గట్టిగా మొట్టుతుంది కూడాను. వరండా బడి పిల్లల్ని కాపాడుతుంది గానీ పై తరగతికి తోలదు. అందుకే ఈ జూలైలో వాళ్ళని ఇక్కడి సర్కారు బళ్ళో వేద్దామని మే నెల్లోనే నీకు రాసేను. ఆరుగురికీ రికార్డు షీట్లు పంపించమన్నాను. అక్కడ రికార్డు షీటంటారు, ఇక్కడ టీసీ అంటారు. పేరేదైనా అరఠావు కాగితం. "బడి తెరవగానే పంపిస్తానక్కా" అని నువ్వు రాసేవు. ఆ కార్డు నా దగ్గరే ఉంది.

నీ మాట నమ్మి నేను చేసిన ఘనకార్యం విను. ఇక్కడి బళ్ళో పెద్ద టీచరమ్మ మంచి మనిషి. జూలై మొదటి వారంలో గౌరిని వెంటబెట్టుకుని వెళ్తే, పుస్తకం తెరిచి చదివించి, లెక్క చేయించి, నాతో అంది కదా: "దీదీ, ఈ పిల్ల ఎప్పుడూ బడికి పోలేదని ఒక కాగితం మీద రాసిచ్చెయ్యండి, బస్. నా ఎదట చదివింది, చాలు. ఐదులో కూచోబెట్టుకుంటాను."

నేనేమన్నానో తెలుసా? "మేడమ్, అబద్ధం మీద సంతకం పెట్టను. నాలుగేళ్ళు చదివిన పిల్లని చదవలేదని ఎందుకు రాయాలి? అక్కడి హెడ్మాస్టరు నా సొంత తమ్ముడు. ఎనిమిది రోజుల్లో అసలు కాగితం తెస్తాను." ఛాతీ విరుచుకుని మరీ అన్నాను. సన్నాసి పక్కనుంటే బాగుండేది, అతనప్పటికి తల్లికి ఒంట్లో బాగులేదని గౌరి కంటే ముందే మన ఊరు వెళ్ళి ఉన్నాడు. ఉంటే "రాసీండమ్మా, ఏటవుద్ది" అనేవాడు. ఆ మర్నాడే గౌరి కూడా తెలిసినవాళ్ళతో నాయనమ్మని చూడ్డానికి వెళ్ళింది. అది తిరిగొచ్చే లోపల ఇక్కడ పైనుంచి ఎవరో వచ్చి, అప్పటికి చేరినవాళ్ళు సరే, ఇకమీద అలాటి రాత మీద ఎవర్నీ చేర్చుకోకూడదని రాసి పోయేరు. ఇప్పుడు ఆ టీచరమ్మ నన్ను చూస్తే తల దించుకుంటుంది. "అబ్ తో కాగజ్ హీ చలేగా, దీదీ." ఇంక కాగితముంటేనే.

నా నిజాయితీ, నీ అబద్ధం, రెండూ కలిసి ఆ పిల్ల నెత్తిన పడ్డాయి. నా వాటా నేను ఒప్పుకుంటున్నాను. నీ వాటా మాట చెప్పు.

గౌరి పది రోజుల కిందట తండ్రితో తిరిగొచ్చింది. వస్తూనే వరండాలో చతికిలబడి కబుర్లు. నీ బడికి కూడా వెళ్ళిందిట, మేష్టారికి దండం పెట్టి రావడానికి. కాగితం మాట తండ్రి అడిగితే, అక్కకే పోస్టులో పంపుతానన్నావుట.

"నాను గుమ్మంకాడే నిలబడున్నానమ్మా. మేష్టారు నన్ను సూసి నవ్వేరు. పట్టీ పిలుస్తా నా పేరు పిలిచేరు. నాను నోరు తెరిసే లోపలే నూకాలు 'వచ్చేనండీ' అనీసింది. అందరూ నవ్వీసేరు. మేష్టారు కూడా."

"మరి నువ్వేటన్నావే?"

"నానేటంటాను? నాను అప్పుడికే వచ్చీసేను కదా!"

ఆ పిల్ల పడి పడి నవ్వుతోంది. రోజుకొకరు వంతుట. సోమవారం నూకాలు, మంగళవారం ఇంకో పిల్ల, గౌరి పేరుకి పలకడం వాళ్ళకో ఆట. నాకు నవ్వు రాలేదు. చేతిలో గిన్నె కింద పెట్టి, గోడకి చేరబడ్డాను. నువ్వు కాగితం ఎందుకు పంపలేదో అప్పుడర్థమైంది. రికార్డు షీటు ఇస్తే పేరు కొట్టెయ్యాలి. పేరు కొట్టేస్తే పిల్లలు తగ్గుతారు. అంతే కదా?

అవునో కాదో చెప్పమని ఆ రోజే రాసేను. నిన్న నీ జవాబొచ్చింది. అవునని ఒక్క మాట రాస్తే మనిషివనిపించుకునేవాడివి. నాలుగు పేజీలు రాసేవు. ఆరు పేర్లు కొట్టేస్తే పిల్లల సంఖ్య తగ్గి రెండో టీచరు పోస్టు ఎత్తేస్తారనీ, ఐదు తరగతులూ ఒక్కడివీ లాగలేవనీ. పిల్లల పేరున నెలనెలా వచ్చే బియ్యం నువ్వు తినడం లేదు, ఊళ్ళో మిగిలిన ముసలివాళ్ళకే కొలిచి ఇస్తున్నావనీ. లైను పని అయిపోతే ఎలాగూ అందరూ తిరిగి వస్తారనీ. చివర్న ఆ మాట: "అక్కా, నువ్వు న్యాయాలు చెప్తావు, నేను బడి నడుపుతున్నాను."

సరే, వాదించుకుందాం. చిన్నప్పట్నుంచీ వాదనలో నా ముందు నువ్వెప్పుడు నిలబడ్డావు గనక!

రెండో టీచరు గోల అబద్ధమని నేననను. ఒక్కడే ఐదు తరగతుల్ని చూడ్డమంటే గొర్రెల్ని కాసినట్టేనని నాకూ తెలుసు. కానీ పిల్లలు కావాలంటే పిల్లలే లేరా? కొండ దిగువ సవరల గూడెంలో ఎంతమంది గుంటలు మేకల వెనక తిరుగుతున్నారో, ఏ ఒక్కరి పేరైనా నీ పట్టీలో ఉందా? సైకిలు మీద అరగంట. లేని పిల్లల్ని పిలవడం తేలిక, ఉన్నవాళ్ళని తీసుకురావడం కష్టం. నువ్వు తేలికది ఎంచుకున్నావు. ఆ గూడెం నుంచి ఆరుగుర్ని తీసుకొచ్చి కూచోబెట్టు, నీ పోస్టు ఎవడూ కదపలేడు.

బియ్యం మాట. గౌరి నాయనమ్మకి తిండి లేదంటే అది గవర్నమెంటు సిగ్గుపడాల్సిన సంగతి. ముసలమ్మ పేరున అడుగు, పింఛనుకి రాయి, వాళ్ళు ఇవ్వకపోతే ఆ ఆఫీసు ముందు కూచో, నేనూ వచ్చి కూచుంటాను. మనవరాలి చదువు కొలిచి నాయనమ్మకి గంజి పోయడం ధర్మం ఎలగవుతుంది? అది తెలిస్తే ఆ ముసలమ్మే గంజి ముట్టదు.

తిరిగి వస్తారన్నావు. లైను పని ఎప్పుడైందిరా? ఇది కాకపోతే ఇంకోటి. ఇక్కడ చకర్‌భాటా వైపు అప్పుడే ఇంకో పనికి మనుషుల్ని ఏరుతున్నారు. వీళ్ళు తిరిగొచ్చేసరికి గౌరి చంకలో పిల్ల ఉంటుంది.

ఇంక పోట్లాట ఆపుతాను. నాకు టైము లేదు, ఆ పిల్లకి అంతకన్నా లేదు. ఏమైందో చెప్తాను విను.

ఆఫీసర్ల కాలనీలో ఒక బంగళావాళ్ళకి చంటిపిల్లని ఎత్తుకోడానికి ఒక ఆడపిల్ల కావాలిట. వచ్చే ఒకటో తారీకున వాళ్ళు బదిలీ మీద కలకత్తా పోతున్నారు. గౌరిని తీసుకుపోతామని సన్నాసిని అడిగేరు. నిన్న సాయంత్రం అతనొచ్చి మెట్టు మీద కూచున్నాడు. లోపలికి రమ్మన్నా రాడు.

"అమ్మా, మీరు ఎనిమిది రోజులన్నారు."

"అన్నాను నాయనా. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు."

"ఓపికేటమ్మా, మాకున్నదదే. బంగళా అమ్మగోరు మూడు పూట్లా తిండెడతానన్నారు. గౌరిని బళ్ళో ఎయ్యాలనే నాకూ ఉంది. పేరడితే పంపను, మీ మీద ఒట్టు. పడకపోతే? ఆలుమొగలం ఇద్దరం పన్లోకెల్తే, ఎదిగే గుంటని ఆ పరదా గుడిసిలో ఒక్కద్దాన్నీ ఎలగొగ్గీమంటారు? మొన్న పక్క గుడిసికాడ ఏటైందో ఇన్నారు కదా."

విన్నాను. నీకు రాయలేను.  

ఇవాళ పొద్దున్న ఆ బంగళాకి వెళ్ళేను. ఆవిడ టీ ఇచ్చి, "మేం దాన్ని కూతుర్లా చూసుకుంటాం" అంది. "మీ కూతురు ఎవరింట్లో పిల్లల్నెత్తుకుంటోందమ్మా?" అని అడిగి, టీ తాగకుండా వచ్చేసేను. ఏమి ఒరిగింది? ఆ మాట మీ బావ పైఆఫీసరు దాకా పోతుంది, అంతే. మీ బావ డ్యూటీ దిగి వచ్చి విని, నెత్తి కొట్టుకుని, "అచ్ఛా, ఇంక ఎవరితో దెబ్బలాడ్డం మిగిలింది నీకు?" అన్నాడు. "మా తమ్ముడితో" అన్నాను. అందుకే ఈ ఉత్తరం.

గౌరికి ఇంకా ఏమీ తెలీదు. బళ్ళో చేరగానే తనకి కొత్త సంచీ కావాలనీ, ఆ బళ్ళో అందరూ నీలం గౌను వేసుకుంటారనీ చెప్తోంది. నేను ఊఁ కొడుతున్నాను. తమ్ముడూ, నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. పెద్దదాన్ని, అలాటి మాట రాయకూడదు, ఆయుక్షీణం అంటుంది చిన్నమ్మ. అననీ.

చిన్నమ్మకి నా నమస్కారాలు చెప్పు, కంటి మందు మానొద్దని చెప్పు. పెదనాన్నగారికి దండాలు. సుగుణకి నా దీవెనలు, నీ పిల్లలకి ముద్దులు, పెద్దదానికి ఐదో తరగతి పుస్తకాలు కొన్నావని రాసేవు, సంతోషం. నీకు దీవెన తరవాత రాస్తాను. ఎప్పుడూ చింతపండు, తంపటకాయలు పంపమంటాను కదా, ఈసారి ఏవీ వద్దు. నాకు కావలసినవి ఇవి:

ఒకటి. గౌరి రికార్డు షీటు. ఈ ఉత్తరం అందిన రోజే రాసి, సంతకం పెట్టి, బడి ముద్ర వెయ్యి.

రెండు. మిగతా ఐదుగురివీ. గౌరిది ఆలస్యమవుతుందంటే వాటికోసం ఆగకు, ముందు గౌరిది పంపు.

మూడు. పోస్టులో వెయ్యకు. మా వీధి కేబిన్‌మాన్ అప్పలస్వామి సెలవు మీద విజయనగరం వచ్చి ఉన్నాడు. ఇరవై ఏడో తారీకున రాయపూర్ బండెక్కుతాడు. స్టేషనుకి నువ్వే వెళ్ళి అతని చేతికియ్యి. పిల్లల చేత పంపొద్దు.

నాలుగు. హాజరు పట్టీలో ఆ ఆరు పేర్లూ ఎర్ర సిరాతో కొట్టెయ్యి. నూకాలు చేత, ఇంకెవరి చేతా ఇంక పలికించొద్దు.

ఐదు. సవరల గూడేనికి వెళ్ళు. వెళ్ళేనని రాయి.

ఆరు. ఇవ్వననుకుంటే ఇవ్వనని ఒక కార్డు ముక్క రాసి అదే అప్పలస్వామికియ్యి. గౌరికి నేను చెప్పలేను. నీ కార్డు దాని చేతికే ఇస్తాను, అదే చదువుకుంటుంది. దానికి తెలుగు చదవడం నేర్పింది నువ్వే.

నీ అక్క,
సత్యవతి