కలపకూడని చుక్కలు

విజయనగరం,
జూన్ 9.

బుల్లమ్మ అత్తకు,

అరుణశ్రీ నమస్కారాలు. పోస్టుమాస్టరు బెన్హర్ గారు చదివి వినిపిస్తారన్న నమ్మకంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోను చేయవచ్చు. కానీ ఫోనులో నాకు మూడు మాటలకు మించి రావని నీకు తెలుసు. పైగా ఈ పని కాగితం లేకుండా జరగదు.

నేను అక్షరాల రూపాలు గీసే కంపెనీలో పని చేస్తున్నాను. కంప్యూటర్లో, బోర్డుల మీద కనిపించే తెలుగు అక్షరాలను ఎవరో ఒకరు ముందుగా గీయాలి. అలా గీసినదాన్ని ఫాంటు అంటారు. ఇప్పుడు నాకిచ్చిన పని, గీతలే లేకుండా ఉత్త చుక్కలతో అక్షరాలు తయారు చేయడం. అందుకోసం కొత్తవలస స్టేషన్లో ఒక రోజంతా కూర్చుని, రైళ్ళ పేర్లు వెలిగే బోర్డును చూశాను. ఏ బండికి వెళ్ళాలని నన్ను నలుగురు అడిగారు. ఏ బండికీ కాదన్నాను.

ఆ బోర్డును చూసి చేసిన ఫాంటు ఇందులో పెట్టాను. పైన వర్ణమాల, కింద నీ పేరు. గోడకు అతికించి, పది అడుగుల దూరం నుంచి చూడు. ఏది వంకరగా ఉందో, ఏది కూలిపోయేలా ఉందో చెప్పు. చదువుకున్నవాళ్ళను అడిగి లాభం లేదు. తప్పుగా ఉన్నా సరిచేసుకుని చదివేస్తారు. నీకు చదవడం రాదు కాబట్టి నువ్వు నిజంగా చూస్తావు.

నీ మేనకోడలు,
అరుణశ్రీ

తా.క. చివరి వాక్యం మర్యాదగా లేదు. కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే ఇంకా బాగా కనిపిస్తుందని వదిలేశాను.

*

మా ఊరు, శ్రీముఖలింగం దారి,
జూన్ 17.

కోడలు అరుణకి, అత్త బుల్లమ్మ దీవించి, బెన్హర్ బాబు సేత రాయించినది.

ఒసే, నీ కాయితం అందినాది. నాకు సదువు రాదని పనిగట్టుకుని ఉత్తరం రాయాలేటి? ఊరందరికీ తెలుసు. అయినా కోపం లేదు. గావలసిన టయానికే పంపినావు. నీకెలాగ తెలిసినాది?

ఇక్కడ సంగతేటంటే, మా డ్వాక్రా సంగానికి ఆగస్టు రెండో తారీకున పెసిడెంటుని ఎన్నుకుంతారు. పదేళ్ళ నుంచి నానే. ఇప్పుడు నారాయణమ్మ లేచి, సంతకం ఎట్టగలిగినోళ్ళే పెసిడెంటుగా ఉండాల అంతన్నాది. ఏలిముద్ర ఏద్దునా అంటే బేంకులో కొత్తగా ఎట్టిన మిషను నా ఏలు ఒప్పుకోదు. నాట్లేసి నాట్లేసి ఏలు మీద గీతలన్నీ అరిగిపోనాయట. నలబై ఏళ్ళు మడిలో దిగిన సెయ్యి, అది నాది కాదంట. ఈ పెసిడెంటు పని పోతే మరి నన్నెవులు అడుగుతారు సెప్పు?

అందికే నీ అచ్చరాలన్నీ దిద్దీసినాను. సుక్కా సుక్కా కలిపీసినాను. ఎనక్కి పంపుతన్నాను, మార్కులెయ్యి. సుక్కలు మరీ ఎడంగా ఎట్టినావు. ఆ సుక్క కాడి నుంచి ఈ సుక్క కాడికి వొచ్చీసరికి దారి తప్పిపోతన్నాను. మీ ఆపీసోళ్ళు సిరా తక్కువిస్తన్నారేటి?

ఇంకో పది కాయితాలు పంపు.

నీ అత్త బుల్లమ్మ.
ఏలిముద్ర ఏసినాను. కాయితం ఒప్పుకున్నాది.

తా.క. ఇది బెన్హర్ రాస్తున్నది. చెప్పింది చెప్పినట్టే రాయమన్నారు, రాశాను. దిద్దడానికి కౌంటరుకు తాడుతో కట్టిన పెన్ను వాడారు. ‘క్ష’ దగ్గరకు వచ్చేసరికి తాడు చాలక కౌంటరు ఎక్కబోయారు.

*

విజయనగరం,
జూన్ 24.

బుల్లమ్మ అత్తకు నమస్కారాలు.

సంతకం సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే పిల్లలు దిద్దే కాపీ పుస్తకమే పంపేదాన్ని. ఇప్పుడు ఒకటి పంపుతున్నాను.

కానీ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ చుక్కలు కలపడానికి కాదు. అవి సగంలో ఆపేసిన అక్షరాలు కావు. చుక్కలే అక్షరం. కలిపితే చెడిపోతుంది. స్టేషన్ బోర్డు మీది దీపాలను ఎవరూ పెన్నుతో కలపరు కదా.

దారి తప్పుతున్నావన్నది మాత్రం నిజం. కొలిచి చూశాను, ఎడం ఎక్కువే. ఆఫీసులో చదువుకున్నవాళ్ళు ముగ్గురు చూశారు. ఒక్కరూ చెప్పలేదు. చుక్కలను దగ్గరికి జరిపాను.

రెండో ఫాంటు కూడా ఇందులోనే ఉంది. రంధ్రాల పలక మీద రంగు గుబ్బలు గుచ్చి పిల్లలు ఆడుకునే బొమ్మను చూసి చేసింది. చుక్కలు పెద్దవి. దయచేసి పెన్ను ముట్టుకోవద్దు.

అరుణశ్రీ

తా.క. మార్కులు అడిగావు. నూటికి డెబ్భై. ‘ఞ’ నాకంటే నీకే బాగా వచ్చింది.

*

మా ఊరు,
జూలై 3.

కోడలికి అత్త దీవెన్లు.

నీ కాపీ పుస్తకం నారాయణమ్మ మనవరాలికి ఇచ్చీసినాను. అందులో ఏనుగు ఉన్నాది, ఒంటె ఉన్నాది, నా పేరు లేదు.

పెన్ను వద్దన్నావు. ముట్టలేదు. ఆ గుండ్రాలు సూస్తే గింజ ఎట్టమన్నట్టే ఉన్నాయి. కందులు తెచ్చి గంజితో అతికించినాను. గోడకెట్టి పది అడుగులు ఎనక్కెళ్ళి సూసినాను. నా పేరు అంత పెద్దగా నానెప్పుడూ సూడలేదే! అలాగ సూస్తా నిలబడిపోనాను. ఇంతలో కోడి వొచ్చి ల ఒత్తు తినీసినాది. ల ఒత్తు అంతారని బెన్హర్ బాబే సెప్పినాడు. నాకు కోడి తిన్నాకే తెలిసినాది.

సంగంలో మిగతా ఎనమండుగురూ వొచ్చి సూసినారు. నారాయణమ్మా వొచ్చినాది. “ఏటే బుల్లీ, నీ కోడలికి అమ్మవారు పోసినాదేటే, ఒళ్ళంతా సుక్కలు?” అన్నాది. “నీ సంతకం జెర్రి పాకినట్టుంతాది, నువ్వా మాటాడ్డం?” అన్నాను. “జెర్రైనా బేంకులో పాకుతాది” అన్నాది. ఆ మాట నిజమే. అందికే కోపమొచ్చినాది.

నెల రోజులే ఉన్నాది. ఏదో ఒకటి సెయ్యి.

నీ అత్త.

తా.క. బెన్హర్. మీకు ముగ్గులు వచ్చు కదా, ఇదీ అంతే కదా అని అడిగాను. ముగ్గును ఎవరూ చదవమనరని చెప్పారు. కందుల కాగితం ఇందులోనే పంపమన్నారు. అలవాటు కొద్దీ కవరు మీద గట్టిగా ముద్ర కొట్టాను. ‘మ్మ’ పప్పయింది.

*

విజయనగరం,
జూలై 12.

బుల్లమ్మ అత్తకు,

పప్పు అందింది.

మూడో ఫాంటు పంపడం లేదు. మందుల అట్టల మీద గడువు తేదీ కొట్టే చుక్కలను చూసి చేశాను. దాన్ని చూస్తే నీకు గడువే గుర్తొస్తుంది.

దానికి బదులు వేరే కాగితం పంపుతున్నాను. ఇది ఫాంటు కాదు. నీకోసం. పది వరుసలున్నాయి. అన్నిట్లోనూ నీ పేరే. మొదటి వరుసలో నూట నాలుగు చుక్కలు. కిందికి వెళ్ళేకొద్దీ తగ్గుతాయి. తొమ్మిదో వరుసలో ఆరే ఉంటాయి. పదోది ఖాళీ. చుక్కలన్నీ కలుపుతూ దిగు. ఖాళీ వరుస దగ్గరికి వచ్చేసరికి నీ చెయ్యే దారి చూసుకుంటుంది.

కలపవద్దని నేను ముందు రాసింది మరిచిపో. అది అక్షరాల గురించి. ఇది నీ గురించి. బ్యాంకువాళ్ళకు గీతలే కావాలి.

అరుణశ్రీ

తా.క. కంది గింజలను చూశాక, గుండ్రటి చుక్కలను కాస్త పక్కలకు నొక్కాను. బాగుంది. ఇది ఏ దేశపు పద్ధతి అని కంపెనీవాళ్ళు అడిగారు. ఇంకా జవాబు రాయలేదు.

*

మా ఊరు,
ఆగస్టు 5.

కోడలు అరుణకి, సంగం పెసిడెంటు బుల్లమ్మ దీవించి రాయించినది.

ముందు మాటే సదివీసినావా? అయితే తక్కినది తీరికగా సదువు.

నువ్వు కలపమన్నావు. వారం దినాలు కలిపినాను. గీత గీస్తంటే సెయ్యి వణుకుతాది. మ కాడికొచ్చీసరికి వాన్లో తడిసిన కోడిలాగ అయిపోతన్నాది. సుక్క ఎడితే వణకదే! మడిలో మొక్క నాటినట్టే. ఒంగుతాను, ఎడతాను, జరుగుతాను. ఏలు అరిగిపోనా వరస మరిసిపోలేదు. అందికే నీ రెండో మాట ఒగ్గీసి మొదటి మాటే ఇన్నాను. కింది వరసలన్నీ నానే సుక్కలెట్టి నింపీసినాను.

రెండో తారీకున బేంకు నుంచి గోవింద్ బాబు వొచ్చినాడు. పెసిడెంటుకి నిలబడినోళ్ళు మూడేసి సార్లు సంతకం ఎట్టాల, మూడూ ఒక్కలాగ ఉండాల అన్నాడు. నారాయణమ్మ గబగబా గిలికీసి కూకున్నాది. నాను ఒక్కో సుక్కే ఎట్టుకుంట పోనాను.

“ఏటమ్మా ఇది, సంతకమేనా?” అన్నాడు.

“ద్వారబందం కాడికెళ్ళి సూడండి బాబూ” అన్నాను.

ఎల్లినాడు. ఎనక్కి తిరిగినాడు. “బుల్లమ్మ” అని గట్టిగా సదివీసినాడు. నా సేత్తో ఎట్టిన పేరు సూసి బేంకోడు సదవడం అదే మొదలు.

అప్పుడు కూకుని లెక్కెట్టినాడు. మొదటి దాన్లో నూట నాలుగు. రెండో దాన్లో నూట నాలుగు. మూడో దాన్లోనూ అంతే. దీన్ని దొంగ సంతకం ఎట్టేంత ఓపిక ఎవులికీ ఉండదమ్మా అన్నాడు. నారాయణమ్మవి మూడూ మూడు లాగ ఉన్నాయి. “ఏటే, నువ్వు ముగ్గురివా?” అన్నాను. ఆ నారాయణమ్మే సాయంత్రం వొచ్చి, ఆ కందుల కాయితం ఇంకోటుందేటి అని అడిగినాది.

నీ అత్త.

తా.క. బెన్హర్. ఒక్కో సంతకానికి పదకొండు నిమిషాలు పట్టింది. గోవింద్ గారికి రెండు బస్సులు తప్పాయి. ఇప్పుడు ఎనమండుగురూ ఇలాగే సంతకం పెడతామంటున్నారు. ఆయన బదిలీకి దరఖాస్తు పెట్టుకున్నారని విన్నాను.

కింది వరుస నేను రాసింది కాదు, అడిగిన అక్షరాలు చూపించానంతే. ఆమె ఉదయం నుంచి కౌంటరు దగ్గరే ఉన్నారు. తాడు విప్పేసి పెన్ను ఇచ్చేశాను. చదవాలంటే కాస్త దూరంగా పట్టుకోండి.

కోడలా నానే రాసినాను. కలపకు.