పేరు అడగకుండా ఇచ్చిన మాత్ర

అమ్మా, నాకు ఒంట్లో బాగానే ఉంది, మీరంతా దేవుని కాపుదలలో ఉన్నారని నమ్ముతున్నాను.

ఫోన్లో నీ గొంతు వింటే చెప్పలేనని కార్డు రాస్తున్నాను. లైసెన్సు పరీక్ష మళ్ళీ పోయింది. నాకున్న చివరి అవకాశం ఇదే. లైసెన్సు లేనిదే ఇక్కడ ఇంగ్లండులో నర్సుగా పెట్టుకోరు, ఉద్యోగం లేకపోతే వీసా ఉండదు.

పరీక్షలో ఒక ముసలాయన రోగిలా నటిస్తూ మంచం మీద మూలుగుతున్నాడు. అచ్చం మన తాత మూలిగినట్టే ఉంది. భుజం నిమిరి, ధైర్యం చెప్పి, మాత్ర ఇచ్చేశాను. ఒకరి మందు ఇంకొకరికి పోకుండా ముందుగా పేరు, పుట్టిన తేదీ అడగాలి. రోజూ సాధన చేసిందే, ఆ నిమిషాన మరిచిపోయాను. మన ఇందుకూరుపేట ఆసుపత్రిలో పేరు అడిగితే "ఏం మే, నేనెవురో తెలీదా నీకు?" అని కోప్పడతారు కదా. ఆ అలవాటే నా కొంప ముంచింది.

నేను పాసవుతానని నెలాఖరు ఆదివారం చర్చిలో పెట్టుకున్న కృతజ్ఞత కూడిక ఆపేయమని పాస్టరు గిద్యోను అయ్యగారితో చెప్పు. చెల్లి అబిగయీలు నర్సింగులో చేరతానంటే అవుననీ కాదనీ అనవద్దు. నాన్న రొయ్యల గుంటలో తెగులు తగ్గిందా? నీకు బీపీ మాత్ర ఎవరు గుర్తుచేస్తున్నారు?

అందరికీ వందనాలు. వచ్చే నెల ఇంటికొచ్చేస్తాను. ఇక నీ మాత్ర నేనే ఇస్తాను. ఇచ్చేముందు నీ పేరు, పుట్టిన తేదీ అడుగుతాను. ఆ తేదీ నీకే తెలియదని తెలుసు. అయినా అడుగుతాను, నవ్వకమ్మా.

నీ కెజియా