నవ్వే ఆమె పేరు

ఏప్రిల్ 3, గురువారం

బాషాకు దొరికింది.

పొద్దున్నే ఫోన్ చేశాడు. "అన్నా, నవ్వే ఆమె పాట... యాడికి ఊర్లో మైకుసెట్ ముసలాయన అటక మీద ఉండాది. తెచ్చినా."

"మంచిదప్పా" అన్నాను. ఇంకేమనాలి? మగ్గం ముందు కూర్చుని అరగంట ఒక్కసారి కూడా నాడె విసరలేదు, ఒక్క పోగు నేయలేదు.

యాడికిలో ఆ ముసలాయన ఉన్నాడని వాడికి చెప్పింది ఎవరు? నేను. ఎండలు తగ్గాక పోదాంలే అన్నదీ నేనే. వాడు ఆగలేదు.

ఏప్రిల్ 4

కడుపుమంట. మజ్జిగకు తగ్గేది కాదు.

నలభై ఏళ్ళు. అప్పుడు నాకు పన్నెండు, మగ్గం గుంతలో కాళ్ళు. పక్క వీధిలో పెళ్ళి, వేపచెట్టుకు కట్టిన హారన్‌లోంచి ఆ డిస్కో. దబ్ దబ్ దబ్ దబ్... మధ్యలో పాట ఆపేసి ఒకామె నవ్వుతుంది. ఏ భాషో తెలియదు. నా కాళ్ళు నాయన చెప్పిన లెక్క మరిచి ఆ దెబ్బకే తొక్కాయి. పోగులు తెగాయి. నాయన వీపు మీద ఒకటిచ్చాడు. ఇప్పుడు ఇంట్లో రెండు బీరువాల డిస్కో రికార్డులున్నాయి. అన్నీ ఆ ఒక్కదాని కోసం వెతుకుతుంటే దొరికినవే.

పేరు తెలిస్తే ఎప్పుడో దొరికేది. ఆ కాలం మైకుసెట్ వాళ్ళ బుద్ధి అది — మంచి రికార్డు దొరికితే నడుమ పేరుండే చోట కాగితం అంటించేసేవాళ్ళు. పక్క ఊరి మైకుసెట్ వాడు చూసి అదే తెప్పించుకుంటాడని. ఎంత కుళ్ళు మనుషులు, అని నవ్వేవాణ్ణి.

ఏప్రిల్ 5

బాషా వచ్చాడు. తువాలులో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు.

"నా అంగడి రేకులది గదన్నా. మధ్యాన్నానికి రికార్డు అప్పడమైపోతాది. నీ మట్టి మిద్దె చల్లగుంటాది, ఈడ పెట్టుకో."

"విన్నావా?"

"నువ్వు లేకుండానా? నీ ప్లేయర్ నా కాడే ఉండాది, బెల్టు రావాల. వచ్చే ఆదివారం తెస్తా. ఇద్దరం కూర్చోని పేపర్ పీకి, పేరు చదివి, అప్పుడు విందాం."

నడుమ అంటించిన కాగితం — పాత పెళ్ళిపత్రిక ముక్క. అంచున పసుపు. దాని కింద ఆమె పేరు.

నా భార్య పద్మ అంటుంది, "బాషన్నకు దొరికితే మనకు దొరికినట్లు కాదా?"

కాదు.

ఏప్రిల్ 8

టీకొట్టు దగ్గర అందరూ వాడినే పొగుడుతున్నారు. "ఏమప్పా, బాషా సాధించినాడే." ఫోన్‌లో మా పాత పాటల గుంపులో ఫోటో పెట్టాడు. రికార్డు, దాని మీద వాడి బొటనవేలు. జనం చప్పట్ల బొమ్మలు పెడుతున్నారు. నేనూ ఒకటి పెట్టాను.

మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసుకునే వాడు. డిస్కో అంటే ఏమిటో నా దగ్గరే నేర్చుకున్నాడు.

ఏప్రిల్ 9

రోజుకు పదిసార్లు తువాలు విప్పుతున్నాను. చుట్టి పెడుతున్నాను.

ఏప్రిల్ 10

చేశాను.

గంజితో అంటించిన కాగితమే కదా. గంజి సంగతి నాకు తెలియనిదా? పట్టుకు గంజి పెట్టి బతికేవాణ్ణి. తడిగుడ్డ వేసి కాసేపు ఉంచితే మెత్తగా లేస్తుంది, చదివి మళ్ళీ అంటించేస్తే సరి. పద్మ సంతకు పోయింది. గుడ్డ వేశాను. లేచింది... కింద ఉన్న పేరును కూడా ఊడబెరుక్కుని లేచింది. రికార్డు నడుమ తెల్లగా, బోడిగా. ఒక్క అక్షరం లేదు.

కాగితం వెనక మాత్రం ఉంది. తిరగబడిన అక్షరాలు. పద్మ బొట్టు అద్దం తెచ్చి పట్టుకుని చదివాను. పాట పేరు చదివాను. ఆమె పేరు చదివాను.

ఇక్కడ రాయను.

మొదట కలిగింది సంతోషం. ఈ పేజీకి కాకపోతే ఇంకెవరికి చెప్తాను — సంతోషమే. రికార్డు వాడిది, పేరు నాది. ఈ భూమ్మీద నాకొక్కడికే తెలిసినట్టు గర్వంగా కూర్చున్నాను. ఆ తర్వాత కళ్ళు బోడి చక్రం మీద పడ్డాయి.

ఏప్రిల్ 11

ట్రంకుపెట్టె అడుగున పాత పెళ్ళిపత్రికలు. రంగు కుదిరినది ఒకటి కత్తిరించి అంటించాను. అంచుకు పసుపు రాశాను. యాభై రెండేళ్ళ మనిషిని. పద్మ పిలిస్తే ఉలిక్కిపడ్డాను.

ఏప్రిల్ 12

బాషా ఫోన్. బెల్టు వచ్చిందట.

"రేపు పేరు నువ్వే చదవాలన్నా. నాకు ఇంగ్లీషు అచ్చరాలు యాడ వస్తాయి? నీ మోకాళ్ళతో ఈ ఎండలో బస్సు ఎక్కలేవనే నేను పోయినా. లేకుంటే ఆ పాట నాకేం తెలుసు, నువ్వు కూనిరాగం తీస్తాంటే విన్నదే గదా."

దొంగకు తేలు కుట్టినట్టయింది. "ఏమన్నా, ఉండావా?" అంటున్నాడు.

ఏప్రిల్ 13, ఆదివారం

ముందు విందాం అని నేనే అన్నాను. వాడు ప్లేయర్ ముల్లు పెట్టాడు.

గరగర... దబ్ దబ్ దబ్ దబ్. అదే. నా కాళ్ళు నేల మీద తొక్కుతున్నాయి. పాట ఆగింది, ఆమె నవ్వింది. బాషా నా వైపు చూసి నవ్వుతున్నాడు. వాడి కళ్ళ నిండా నీళ్ళు. నేను వినలేకపోయాను. నలభై ఏళ్ళు వెతికి, నవ్వు వచ్చినప్పుడు కాగితం వైపు చూస్తున్నాను, తిరుగుతోంది.

"ఇంగ పీకుదామా" అని కాగితం తడపడానికి పద్మను నీళ్ళడిగాడు. రికార్డు చేతిలోకి తీసుకుని కాగితం అంచు బొటనవేలితో రుద్దాడు. వేలు చూసుకున్నాడు. పసుపు. నలభై ఏళ్ళ నాటి పసుపు వేలికి అంటదు.

లుంగీకి తుడుచుకున్నాడు. పద్మ నీళ్ళు తెచ్చి పెట్టింది.

"వద్దులేన్నా. అంటించింది అంటించినట్లే ఉండనీ."

"ఎందుకప్పా?"

"ఊరికే. నీ కాడే పెట్టుకో, చల్లగుంటాది."

తువాలు మడత పెట్టుకుని పోయాడు.

ఏప్రిల్ 14

అద్దంలో చదివిన కాగితం జేబులో పెట్టుకుని వాడి అంగడికి పోయాను. ఫ్యాన్ విప్పుతున్నాడు. తల ఎత్తలేదు.

"బాషా..."

"టీ చెప్తా, కూర్చో."

టీ వచ్చింది. తాగాను. ఇంటికి వచ్చాను. కాగితం ఇంకా జేబులోనే ఉంది.