పొడుగు జుట్టువాడి మీద నా కుళ్ళు

బటాంగ్ బెర్జుంటై,
ఆదివారం.

సౌభాగ్యవతి పాపమ్మను ఆశీర్వదించి తాతబాబు రాయునది. ఇక్కడ నేను క్షేమం, నీ కరివేపాకు చెట్టు క్షేమం. అక్కడ నువ్వూ, పునితా, పసిగుడ్డూ, అల్లుడూ క్షేమమని తలుస్తాను.

మిరిలో అమ్మాయి ఇంటి నుంచి నువ్వు రాసిన ఉత్తరం మంగళవారం అందింది. ఫోను చేస్తే మన పునిత స్పీకరు పెట్టేస్తుంది, ఇంటిల్లిపాదీ వింటారు, అందుకే నేనూ కాగితం పట్టాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. పక్కింటి తిలగవతి సాంబారు పంపుతోంది, ఉప్పు తక్కువ. మనవరాలికి మా అమ్మ పేరే పెట్టాలని నేను పట్టుపట్టను, మీకు నచ్చింది పెట్టుకోండి.

ఇక నీ అసలు ప్రశ్న. "ఎలా పాడినాడు?" అని ఉత్తరం చివర రాసి, దాని కింద గీత కూడా గీశావు. నా బీపీ గురించి అడిగినచోట గీత లేదు. వెతికి చూసుకున్నాను.

ఆ అమెరికా బ్యాండు పేరు నా చేత్తో రాయను. పెళ్ళయి సుంగై పెటాని నుంచి నువ్వు నా ఇంటికి వచ్చిన రోజున, నీ ట్రంకుపెట్టెలో చీరల మధ్య వాళ్ళ క్యాసెట్టు ఉంది. దాని మీద భుజాల దాకా జుట్టున్న ఆ పాటగాడి బొమ్మ. నువ్వు తోట ఆఫీసు గుమాస్తా కూతురివి, ఇంగ్లీషు బడిలో చదివావు. నేను రబ్బరు తోటలో పుట్టి రాములవారి భజనలో పెరిగినవాణ్ణి. నేను పాడితే తోటంతా తల ఊపేది, నువ్వూ ఊపేదానివి. కానీ వంటింట్లో దోసె తిప్పుతూ నువ్వు తీసే కూనిరాగం మాత్రం వాడి పాటే. నలభై ఏళ్ళుగా నా కడుపు మండుతున్నది అందుకే. నవ్వకు.

వాళ్ళ చరిత్రంతా నువ్వు చెబితేనే నాకు తెలిసింది. కార్లు తయారుచేసే ఊళ్ళో ఏదో షెడ్డులో మొదలుపెట్టారట. డ్రమ్ములు వాయించేవాడు తాగి తాగి పోయాడు. గిటారువాళ్ళిద్దరూ కోర్టుకెక్కి విడిపోయి, ముసలితనంలో మళ్ళీ కలిశారు. పాటగాడికి గొంతు ఆపరేషను. వాళ్ళను చూసి మన మలేషియా కుర్రాళ్ళు కూడా జుట్టు పెంచి, గిటార్లు పట్టి, మలాయ్ భాషలో అలాంటి పాటలు కట్టారు. ఫ్యాక్టరీలో నా పక్క మిషను మీద పనిచేసిన కోగిలన్ అయితే వాళ్ళ పాట పేరును చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. నా భజన విని ఎవరూ పచ్చబొట్టు పొడిపించుకోలేదు.

ఇది వాళ్ళ ఆఖరి టూరని నువ్వు టిక్కెట్టు తెప్పించుకున్నావు. అంతలో పునితకు నెలలు నిండి నువ్వు మిరి వెళ్ళావు, టిక్కెట్టు నా నెత్తిన పడింది. మా తమ్ముడి కొడుకు వినోద్‌కుమార్ తనూ ఒక టిక్కెట్టు కొనుక్కుని నన్ను కారులో కౌలాలంపూర్ తీసుకెళ్ళాడు. పాపమ్మా, ఇప్పుడు నిజం చెబుతాను. నీ కోసం వెళ్తున్నానని అందరికీ చెప్పాను. నీ కోసం కాదు. వాడి గొంతు పాడైపోయిందని పేపర్లో చదివాను. అంతమంది ముందు వాడు తడబడుతుంటే చూడాలని వెళ్ళాను.

తడబడ్డాడు కూడా. నువ్వు దోసెల దగ్గర పాడే ఆ పాటలోనే, పైకి ఎక్కే చోట వాడి గొంతు చీలి ఆగిపోయింది. అప్పుడు నాకెంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గేస్తోంది. కానీ ఆ హాయి నిలవలేదు. వాడు ఆగీ ఆగకముందే స్టేడియమంతా ఆ చరణం అందుకుంది. వాడు మైకు దించి కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ముసలి గిటారువాడు వచ్చి వాడి భుజం మీద చెయ్యి వేశాడు. నా పక్కన తలగుడ్డ కట్టుకున్న మలాయ్ ఆవిడ, నీ ఈడుదే, ఏడుస్తూ పాడుతూ నా మోచేయి తట్టి, "అంకుల్, న్యాన్యి లా" అంది, నన్నూ పాడమని. పాడాను. మాటలన్నీ నాకు వచ్చు.

"ఏటి పెదనాన్నా, ఈ పాట నీకెప్పుడొచ్చినాది?" అన్నాడు వినోద్. మీ పెద్దమ్మ నేర్పిందన్నాను.

తిరుగు దారిలో మన గుడిలో జరిగిన శ్రీరామనవమి గుర్తొచ్చింది. ఆ రోజు నా గొంతూ అలాగే చీలింది కదా. మన భజనలో ముందు పాడేవాడు చరణం ముగించేదాకా వంత పాడేవాళ్ళు నోరు తెరవకూడదు, మా తాత పెట్టిన మర్యాద అది. అందరూ దాన్ని పాటించారు. తాళాలు ఆపి, తలలు దించుకుని నా కోసం ఆగారు. రాములవారి ముందు ఆ నిశ్శబ్దంలో నేనొక్కణ్ణే నిలబడ్డాను. జలుబని నీకు చెప్పాను. జలుబు కాదు, నా గొంతు అయిపోయింది. మర్నాడు గుడి పెద్ద సీతారాం దగ్గరికి వెళ్ళి, ఇక నేను పాడనని చెప్పి వచ్చేశాను. ఈ మాట నీ దగ్గర ఇన్నాళ్ళూ దాచాను.

ఆ రోజు ఆడవాళ్ళ వరసలో నువ్వే ముందు కూర్చున్నావు. ఆ చరణం నీకు నాకన్నా బాగా వచ్చు. మర్యాదకు ఊరుకున్నావు, నీ తప్పు లేదు. కానీ స్టేడియంలో నా చోట నువ్వే ఉండి ఉంటే, వాడి గొంతు ఆగగానే నీ గొంతు లేచేది. వాడి జుట్టు మీద, జనం మీద నాకిప్పుడు కుళ్ళు లేదు. నువ్వు వాడి కోసం పాడేదానివన్న దాని మీదే ఉంది.

సీతారాం నిన్న మళ్ళీ వచ్చి శనివారం భజనకు రమ్మన్నాడు. నువ్వు వచ్చాక చెబుతానన్నాను. నువ్వు వస్తే పాడతాను. ఈసారి నా గొంతు ఆగితే నాకు మర్యాద చెయ్యకు, పాపమ్మా. అందుకో.

ఇట్లు,
నీ మావ,
తాతబాబు