ఇద్దరు గంగమ్మలు

శుక్రవారం రాత్రి, ఫీనిక్స్, దక్షిణాఫ్రికా

కోడలా, నేను చెప్పింది చెప్పినట్టే రాయి. మెత్తబరచకు.

నా పేరు గంగమ్మ. మనవరాలి పేరూ గంగమ్మే. నాయనమ్మ పేరు పెట్టడం మా ఇంటి ఆచారం. తెల్లోళ్ల పాలన పోయి మేము మొదటిసారి ఓటేసిన మరుసటి ఏడు క్లినిక్‌లో కంప్యూటర్ పెట్టారు. దాని తెర మీద పేరు, ఇంటి చిరునామా మాత్రమే కనిపిస్తాయి. పోయిన వారం పిల్లకు ఫిట్స్ మందుకు బదులు నా బీపీ మాత్రలు ఇచ్చారు. పిల్ల కళ్లు తేలేసింది.

ఈరోజు ఆంధ్ర నుంచి ఉద్యోగానికి వచ్చిన ఇంజనీరు, ఆ తెరను మార్చే రెండు టూల్స్ చూపించాడు. ఒకటి పేరు కొట్టగానే టక్కున వెతుకుతుంది. రెండోది పేరు పక్కన ఫొటో, వయసు చూపిస్తుంది గానీ నెమ్మది.

"మొదటిదే మేలు ఆంటీ, లైను తొందరగా కదుల్తాది," అంది సిస్టర్.

"తొందరగా ఎక్కడికే, శ్మశానానికా? నాకు చదువు రాదు, పొట్లం మీద ఏం రాశారో తెలీదు. మొహం చూసి ఇయ్యి!"

ఇంజనీరు తల దించుకున్నాడు. "నాకూ రెండోదే నచ్చింది మామ్మగారూ. ఎంచుకునేది క్లినిక్ పెద్దలు కదా."

వాళ్లు మొదటిదే ఎంచుకున్నారు. సోమవారం పిల్లకు మందు తేవాలి. అదెంత తొందరగా వెతికినా, దొరికేది ఏ గంగమ్మ?

తిట్టాను, బతిమాలాను. ఇక ఒక్కటే దారి. కంప్యూటర్లోంచి నా పేరు తీసేయమంటాను. అప్పుడు గంగమ్మ అంటే పిల్లే. నా మాత్రల సంగతి...

పెన్ను ఆపావేం? రాయి.