నెమ్మదిగా నడవమన్నారు

లోర్నా,

హీటర్ కారుతోంది, వెయ్యకు. పక్కింటి షెన్‌గారావిడ ఇచ్చిన ముల్లంగి ఊరగాయ ఫ్రిజ్‌లో ఉంది. కుళ్లిందో, దాని వాసనే అంతో తెలీలేదు. పారెయ్యకు.

వచ్చే ఏడు కూడా పాఠాలు చెప్పమంటారా అని నిన్న మా డీన్‌ని అడిగాను. "పరిశీలిద్దాం" అని నవ్వాడు. టీ డబ్బా చేతిలో పెట్టి, గుమ్మందాకా వచ్చి, ఇక్కడ సాగనంపేటప్పుడు అందరూ అనేట్టే, "నెమ్మదిగా నడవండి" అన్నాడు. నా మోకాళ్లకేమొచ్చింది? అమెరికాలో అయితే ఉండమనో పొమ్మనో మొహమ్మీదే చెప్పేవాళ్లు. చైనాలో ఇన్నేళ్లున్నా నాకీ నవ్వు అంతుపట్టలేదు. బాల్కనీలో మిరపనారు పెట్టాలా, పెట్టెలు సర్దాలా? నీతో పేకాడేవాళ్లని అడిగి కూపీ లాగు. సాయంత్రం నువ్వయినా నవ్వకుండా చెప్పు.

హార్లన్

చెప్పడం మరిచాను. డీన్ మాటకి ఉండమనా, పొమ్మనా అర్థం అని షెన్‌గారావిడని పొద్దున నేనే అడిగి చూశాను. ఆవిడా నవ్వింది. ఆ ఊరగాయ సీసా చేతిలో పెట్టి, "నెమ్మదిగా నడవండి" అంది.